చుక్క ఎక్కడ జరిగింది?

శనివారం సాయంత్రం ఆరున్నరకి సోమాజిగూడలోని మా ఇంటి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే మా పిన్ని కూతురు. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో అరటిపళ్లు, మొహం నిండా అలసట.

'అక్కా, మీ ఇంట్ల నెట్ మంచిగొస్తది కదా? ఒక సాఫ్ట్‌వేర్ దించుకోవాలె' అంది, చెప్పులైనా విప్పకుండానే.

తను ఉండేది అమీర్‌పేటలో ఓ హాస్టల్‌లో. కిటికీ తెరిస్తే కనిపించేవన్నీ సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే. జావా నుంచి డేటా సైన్స్ దాకా అక్కడ నేర్పని విద్య లేదు. అలాంటి చోటు వదిలి సాఫ్ట్‌వేర్ కోసం మా ఇంటికి రావడమేంటి? చెరువు గట్టున కాపురముండి నీళ్లకు పక్కూరు వెళ్లినట్టు! ఆ మాటే అంటే తను నవ్వలేదు.

'నాకు కావల్సింది అక్కడ ఎవ్వరికీ తెల్వదక్కా. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ లెక్కలు కట్టేది. మంగళవారం మా గైడ్‌కి రిజల్ట్ చూపించాలె.'

నగరంలోనే ఓ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఇది రెండో ఏడు. ల్యాబ్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ ఒక్కటే. దాని ముందు రేషన్‌షాపు దగ్గర ఉన్నంత వరస. ఓ కంప్యూటర్ షాపు కుర్రాడు 'ఖరీదైన ప్యాకేజీయే కావాలంటే అయిదొందలిస్తే క్రాక్ చేసిస్తా' అన్నాడట. ఆ మాట చెప్పి, 'ఇద్దామా?' అన్నట్టు నా వంక చూసింది. 'ముందు కాఫీ తాగు' అన్నాను.

గుడ్డు పెంకు... తాత నడుం

ఇంతకీ ఏం లెక్కలవి? అది చెప్పాలంటే వాళ్ల ఊరెళ్లాలి.

మా పిన్నిని ఇచ్చింది మునుగోడు వైపు పల్లెకు. నల్గొండ జిల్లా అంటే మాలాంటి పత్రికలవాళ్లకు మొదట గుర్తొచ్చే మాట ఫ్లోరోసిస్. అక్కడి రాళ్లలోని ఫ్లోరైడ్ మెల్లమెల్లగా భూగర్భజలాల్లోకి దిగుతుంది. ఆ బోరు నీళ్లే ఏళ్ల తరబడి తాగితే పళ్లమీద మచ్చలు పడతాయి. కీళ్లు బిగుసుకుపోతాయి. వెన్ను వంగిపోతుంది. ఈ జబ్బు సంగతి తెలుగునేల మీద వైద్యుల రాతల్లోకి ఎక్కింది 1937లో... అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్యసంస్థ గీసిన గీత. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే ఓ పద్ధతిని నాగ్‌పూర్‌లోని 'నీరి' సంస్థ రూపొందించింది. దాని పేరే 'నల్గొండ టెక్నిక్'. శాస్త్రగ్రంథాల్లో ఊరి పేరు అలా నిలిచిపోయినందుకు సంతోషించాలో బాధపడాలో తెలీదు!

వాళ్ల తాత నడుం వంగిపోయి ఇరవై ఏళ్లయింది. మంచంమీద కూర్చున్నా నేలకేసే చూస్తాడు. ఎవరైనా పలకరిస్తే తల ఒక్కటే పక్కకు తిప్పుతాడు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఇళ్లకు నది నీళ్లొచ్చాయి. కానీ వంగిన ఎముక మళ్లీ నిలబడదు కదా!

ఆ ఎముకనే తన పరిశోధనకు మూలం చేసుకుంది మనవరాలు. మన ఎముకల్లో, పళ్లలో ఉండే ఖనిజాన్ని హైడ్రాక్సీ అపటైట్ అంటారు. కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సిల్... ఇవి దాని దినుసులు. ఫ్లోరైడ్ వచ్చి హైడ్రాక్సిల్‌ని పక్కకు నెట్టి ఆ కుర్చీలో తను కూర్చుంటుంది. అప్పుడది ఫ్లోరపటైట్ అవుతుంది. ఫ్లోరైడ్‌ని అంతగా పట్టుకునే ఖనిజం కాబట్టే ఎముకకి ముప్పు. మరి అదే ఖనిజాన్ని బయట తయారుచేసి నీళ్లలో వేస్తే? ఎముకలోకి పోవాల్సిన ఫ్లోరైడ్‌ని అదే పట్టేస్తుంది కదా! ఇలాంటి ప్రయోగాలు చాలాచోట్ల జరుగుతున్నాయి. మా చెల్లెలు హాస్టల్ వంటింట్లో పారేసే కోడిగుడ్డు పెంకుల్ని కాల్చి, వాటి కాల్షియంతో ఆ పొడి తయారుచేసింది. ఫ్లోరైడ్ కలిపిన నీళ్లలో నానబెట్టింది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గింది.

అయితే అసలు ప్రశ్న అక్కడే ఉంది. ఫ్లోరైడ్ ఆ పొడి లోపలికి వెళ్లి కుర్చీ వేసుకుందా? పైపైన అంటుకుందా? పైపైనే ఉంటే మళ్లీ నీళ్లలోకి జారే ప్రమాదముంది. ఆ సంగతి కంటికి కనిపించదు. ఎక్స్‌రేలు చెప్పాలి.

ముగ్గు చూస్తే చాలు

'సంక్రాంతి ముగ్గు తెలుసు కదక్కా. చుక్కలన్నీ సమానదూరంలో పెడతం. స్ఫటికంలో అణువులు కూడా అంతే' అంటూ కాఫీ కప్పు పక్కకు జరిపి మా టీపాయ్ మీదే వేలితో చుక్కలు పెట్టింది.

చుక్కల మధ్య దూరం అంగుళాల్లో కాదు, ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉంటుంది. సెంటీమీటరును పదికోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఆంగ్‌స్ట్రామ్. ల్యాబుల్లో ఎక్కువగా వాడే రాగి ఎక్స్‌రే అల పొడవు 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు. అంటే ఇంచుమించు చుక్కల దూరమంతే. అందుకే స్ఫటికం మీద పడ్డ ఎక్స్‌రేలు ఎటుపడితే అటు కాక, కొన్ని కోణాల్లోనే బలంగా తిరిగొస్తాయి. 1912లో జర్మనీలో లావే బృందం ఈ వింతను కనిపెడితే, ఆ వెంటనే ఇంగ్లండ్‌లో బ్రాగ్ తండ్రీకొడుకులు దాంతో చుక్కల దూరం కొలవడం నేర్పారు. 1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. అప్పటికి కొడుకు వయసు పాతికేళ్లు!

మా వీధి దాటి పంజాగుట్ట వైపు వెళ్తే వరసగా బంగారం దుకాణాలు. గొలుసు తీసి కారట్ మీటర్‌లో పెడితే నిమిషంలో బంగారమెంత, రాగెంత అని చెప్పేస్తుంది. అదీ ఎక్స్‌రే యంత్రమే. కాకపోతే అది చెప్పేది వస్తువులో ఏమేం ఉన్నాయన్నది. డిఫ్రాక్షన్ చెప్పేది అవి ఎలా అమరి ఉన్నాయన్నది. పెన్సిల్‌లోని గ్రాఫైటూ కార్బనే, దుకాణంలోని వజ్రమూ కార్బనే. తేడా అంతా ముగ్గులోనే!

యంత్రం ఇచ్చేది ఒక గీత. మధ్యమధ్య కొండ శిఖరాల్లా పైకి లేస్తుంది. దాన్నుంచి ముగ్గును రాబట్టాలి. అరవయ్యో దశకంలో నెదర్లాండ్స్‌కి చెందిన హ్యూగో రీట్‌వెల్డ్ ఇందుకో దారి చూపించారు. 1969లో వచ్చిన ఆయన వ్యాసం ఇప్పటికీ ఈ విద్యకు పునాది. ముందు ముగ్గు ఇలా ఉండొచ్చని ఊహించు. అలా ఉంటే గీత ఎలా వస్తుందో లెక్కకట్టు. అసలు గీత మీద పెట్టి చూడు. తేడా ఉంటే చుక్కల్ని కాస్త జరుపు. మళ్లీ చూడు. రెండు గీతలూ కలిసేదాకా అంతే. చేత్తో చేస్తే జన్మలు చాలవు. అందుకే సాఫ్ట్‌వేర్.

మా చెల్లెలికి కావల్సిన తేడా ఎంతో తెలుసా? హైడ్రాక్సీ అపటైట్‌లో 'ఎ' అనే దూరం సుమారు 9.42 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఫ్లోరపటైట్‌లో సుమారు 9.37. అంటే, ఫ్లోరైడ్ లోపలికి వెళ్తే ముగ్గు అంత సన్నగా కుంచించుకుపోతుంది. 'సి' అనే రెండో దూరం మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకటే... 6.88. ఈ రెండో అంకెని గుర్తుపెట్టుకోండి. దాంతో పనుంది.

చదవకుండా మూసేస్తే ఎలా?

క్రాక్ సంగతి ముందు తేల్చాం. దొంగ కాపీలో వైరస్ ఉండొచ్చన్నది ఒక భయం. రేపు పరిశోధనపత్రంలో 'ఈ లెక్క ఫలానా సాఫ్ట్‌వేర్‌తో కట్టాను' అని రాయాలి కదా, అప్పుడేం రాస్తుందన్నది ఇంకో చిక్కు. అసలు ఆ అవసరమే లేదు. షికాగో దగ్గర ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో రాబర్ట్ వాన్‌డ్రీల్, బ్రయాన్ టోబీ రాసిన జీఎస్ఏఎస్-2 ఉచితం. లోపలి కోడ్ కూడా ఎవరైనా చూసుకోవచ్చు. వాన్‌డ్రీల్ ఎనభయ్యో దశకంలో లాస్ అలమోస్‌లో ఆలెన్ లార్సన్‌తో కలిసి రాసిన పాత జీఎస్ఏఎస్‌కి ఇది వారసురాలు. వాడుకున్నందుకు వాళ్లు అడిగేదల్లా 2013లో రాసిన తమ వ్యాసాన్ని మీ పత్రంలో ప్రస్తావించమని. యూరప్‌లో రోడ్రిగెజ్ కార్వహాల్ రూపొందించిన ఫుల్‌ప్రాఫ్ కూడా ఉచితంగా దొరికేదే.

ఇంకేముంది, దించుకోవడమే! అనుకున్నాం. వందల ఎంబీల ఫైలు. పైథాన్ భాష, గణితం చేసే సరంజామా అంతా తనతోపాటే తెచ్చుకుంటుంది మరి. ముప్పావు వంతు దిగాక వాన. వానతోపాటు కరెంటూ పోయింది. వచ్చాక మళ్లీ మొదట్నుంచి.

ఈసారి పూర్తిగా దిగింది. నొక్కగానే విండోస్ నీలిరంగు పలక అడ్డుపెట్టి 'ఈ ప్రోగ్రామ్ నాకు తెలియదు' అంది. అలాంటప్పుడు కంగారుపడనక్కర్లేదు, అలాగని కళ్లుమూసుకుని ముందుకెళ్లనూ కూడదు. ఫైలు ఎక్కడి నుంచి దించామో చూసుకోవాలి. రాసినవాళ్ల సొంత పేజీ నుంచే వచ్చిందని నిర్ధారించుకున్నాకే సరేనన్నాం.

తర్వాత మరో చిన్న పలక. మా చెల్లెలు దాన్ని టక్కున మూసేసి 'అయితలేదక్కా' అంది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే పలక, మళ్లీ మూత. మూడోసారి నేను మౌస్ లాక్కున్నాను. 'ఒక్కసారి చదువు తల్లీ!'

చదివితే విషయం చిన్నదే. తన ల్యాప్‌టాప్‌లో యూజర్ పేరు ఇంటిపేరుతో సహా రెండు మాటలుగా ఉంది. మధ్యలో ఖాళీ. సాఫ్ట్‌వేర్ వెళ్లి కూర్చోవాల్సిన దారిలో ఆ ఖాళీ ఉందని, దాంతో ఇబ్బంది రావొచ్చని ఇన్‌స్టాలర్ చెబుతోంది. తప్పు దానిది కాదు, చదవని మాది! సి డ్రైవ్‌లో ఖాళీలు లేని చిన్న పేరుతో ఫోల్డర్ చేసి అటు మళ్లించాం. పావుగంటలో పని పూర్తయింది.

ఇంగ్లిష్ మీడియం చదవని పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తెరమీద ఇంగ్లిష్‌లో ఏదైనా వస్తే అది తమను తిట్టడానికే వచ్చిందనుకుంటారు. మూసేస్తారు. నిజానికి జవాబు ఉండేది ఆ మూసేసిన పలకలోనే. తెలీని మాట ఉంటే ఫోనుతో ఫొటో తీసి ఎవరినైనా అడగొచ్చు. అడగడం నామోషీ కాదు.

రాత్రి పదింటికి నల్లటి తెర ఒకటి వచ్చింది. కాసేపు ఏమీ కాలేదు. మేం ఊపిరి బిగబట్టాం. ఆ తర్వాత ఒకదాని పక్కన ఒకటి ఇంకో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. ఒకదాంట్లో కొమ్మలు కొమ్మలుగా వివరాలు, ఒకదాంట్లో గీతలు గీసే చోటు. తను చప్పట్లు కొట్టింది. నేను దోసెలు వేశాను.

తెలిసిన జవాబుతో మొదలు

దోసె తింటూనే తన డేటా ఎక్కించబోయింది. మళ్లీ తనే ఆగింది. 'ముందు ట్యుటోరియల్ చెయ్యమన్నది మా సీనియర్.'

కొత్త తక్కెడ కొంటే కొట్టువాడు ఏం చేస్తాడు? ముద్రవేసిన రాయి పెట్టి చూస్తాడు. ఇదీ అంతే. జవాబు ముందే తెలిసిన డేటాను సాఫ్ట్‌వేర్‌తోపాటు ఇస్తారు. అది సరిగ్గా వస్తేనే సాఫ్ట్‌వేర్ కుదురుకున్నట్టు, మనకూ చెయ్యి తిరిగినట్టు. జీఎస్ఏఎస్-2లో కొత్తవాళ్లకు ఇచ్చే ల్యాబ్ ఎక్స్‌రే పాఠం ఏ ఖనిజం మీదో తెలుసా? ఫ్లోరపటైట్! ప్రపంచంలో ఎక్కడి విద్యార్థి అయినా ఈ పాఠం తెరిస్తే దిద్దాల్సింది దాన్నే. మునుగోడు పిల్లకు అది కాకతాళీయంగా కనిపించలేదు. 'మా తాత పేరు రాసినట్టుందక్కా' అంది తెరవంక చూస్తూ.

పాఠం వరసగా చేసింది. యంత్రం అల పొడవు, దాని తీరుతెన్నులు చెప్పే ఓ ఫైలు ముందు ఇవ్వాలి. అది యంత్రం జాతకం లాంటిది. తర్వాత ముగ్గు నమూనా. దిద్దగా దిద్దగా రాత్రి ఒంటిగంటకి రెండు గీతలూ కలిశాయి. ఎ విలువ 9.37 దగ్గర. సి విలువ 6.88.

ఆదివారం తన సొంత డేటా. నానబెట్టని పొడి 9.42, 6.88. ఉండాల్సినట్టే ఉంది. నానబెట్టిన పొడి... 9.39! 'అక్కా, లోపలికి పోయింది! సగానికి పైన పోయింది!' అని గంతేసింది. పిన్నికి ఫోన్ కలపబోయి ఎందుకో ఆగింది. తెర దగ్గరకు వంగి చూసింది.

'సి 6.86 వచ్చిందక్కా.'

'అయితే?'

'సి తగ్గొద్దు.'

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఫ్లోరైడ్ లోపలికి వెళ్తే 'ఎ' కుంచించుకోవాలి, 'సి' దాదాపు అలాగే ఉండాలి. రెండూ కలిసి తగ్గాయంటే జరిగింది చుక్క కాదు, కొలబద్ద! రాత్రి ఒంటిగంట దాకా దిద్దిన పాఠం వల్లే ఆ 6.88 తన కళ్లలో అలా నిలిచిపోయింది.

కొలబద్ద ఎందుకు జరిగింది? పరీక్షకు పెట్టేటప్పుడు పొడిని పళ్లెం అంచుతో సమానంగా సర్దాలి. అంచుకన్నా మిల్లీమీటరులో అయిదో వంతు పొంగినా చాలు. శిఖరాలన్నీ కాస్త కుడికి జరుగుతాయి. కుడికి జరిగితే చుక్కల దూరం తగ్గినట్టు లెక్కొస్తుంది. రెండో పొడి తడిగా ఉండలు కట్టి పైకి పొంగిందని తనకి గుర్తొచ్చింది. ఈ ఎత్తు తేడాను సరిదిద్దే గడి సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. తను దాన్ని ఎంచుకోలేదు. ఎంచుకుని మళ్లీ లెక్క కడితే... సి 6.88కి వచ్చింది. ఎ 9.41 దగ్గర ఆగింది.

అంటే లోపలికి వెళ్లింది కొంచెమే. ఎక్కువభాగం పైపైనే ఉందన్నమాట.

ఆ రాత్రి తను సరిగ్గా తినలేదు. 9.39 చూపిస్తే గైడ్ మెచ్చుకునేవారు. పేపరు తొందరగా వచ్చేది. ఫెలోషిప్ పొడిగింపు కూడా దాంతోనే ముడిపడి ఉంది. సి విలువ సంగతి ఎవరైనా అడుగుతారో లేదో! 'గడి ఎంచకుండానే ఉంచితే అబద్ధం చెప్పినట్టా అక్కా?' అని అడిగింది. నేనేం చెప్పలేదు. 'నీకు తెలుసు' అన్నానంతే.

సోమవారం పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లింది. పొడిని మళ్లీ ఆరబెట్టి, మెత్తగా నూరి, గాజుపలకతో సమానంగా నొక్కింది. ఈసారి అందులో చిటికెడు సిలికాన్ పొడి కలిపింది. సిలికాన్ ముగ్గులో దూరం 5.431 ఆంగ్‌స్ట్రామ్‌లన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. అది సరిగ్గా వస్తే పక్కనున్నదీ సరైనదే. ముద్రవేసిన రాయిని సరుకుతోపాటే తక్కెడలో పెట్టినట్టు! జవాబు మారలేదు. 9.41.

మన ఊరికీ చుట్టరికముంది

ఈ విద్య మనకు కొత్తేం కాదు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, మన నిజాం కాలేజీలో చదివి, తర్వాత ఉస్మానియా వైస్‌చాన్సలర్‌గా చేసిన సూరి భగవంతం స్ఫటికాల సౌష్ఠవం మీద దేశదేశాల్లో చదివిన పుస్తకాలు రాశారు. 2017 ఆగస్టులో అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర మహాసభలు జరిగింది హైదరాబాద్‌లోనే. మందుల కంపెనీలకైతే ఈ గీతలు ప్రాణప్రదం. ఒకే మందు వేర్వేరు స్ఫటిక రూపాల్లో ఉంటే కరిగే తీరు మారొచ్చు. 2013 ఏప్రిల్ 1న రక్తక్యాన్సర్ మందు గ్లివెక్ పేటెంట్‌ను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది గుర్తుందా? ఆ వివాదమంతా ఇమాటినిబ్ మెసిలేట్ 'బీటా' స్ఫటిక రూపం చుట్టూనే. అందులో పోరాడిన సంస్థల్లో మన హైదరాబాద్ నాట్కో కూడా ఉంది. పొడిలో ముగ్గు ఎలా ఉందన్నది పేదవాడి మందుల చీటీ దాకా వస్తుంది మరి!

మంగళవారం సాయంత్రం ఫోన్ చేసింది. గైడ్ ముందు మొహం చిట్లించారట. రెండు గీతలూ, రెండు లెక్కలూ, గడి ఎంచకముందు ఎంచిన తర్వాత పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలాసేపు చూశారట. 'పైపైనే ఉంటే నీళ్లలోకి ఎంత తిరిగొస్తుందో కొలువు. అదే నీ తర్వాతి పని' అన్నారట. ఆర్నెల్ల పని పెరిగింది. కానీ ఆ గొంతులో దిగులు లేదు.

'తాతకి చెప్పినవా?' అన్నాను, నాకూ తన యాస అంటుకుని.

'చెప్పినక్కా. పొడి ఇంకా మంచిగ కాలేదు తాతా, లెక్క తప్పు దొరికింది అన్న. ఏమన్నడో తెలుసా? తప్పు ఇప్పుడే దొరికింది, మంచిగైంది బిడ్డా. తాగే నీళ్ల సంగతి... ఆగమాగం చెయ్యకు, అన్నడు.'